మూడో గదిలో లేని మూటలు

మడుగుపల్లి మార్కెట్ యార్డులో ఓబుళపతి శెట్టి ముప్పైరెండేళ్లుగా చింతపండు వ్యాపారం చేస్తున్నాడు. ఈ ముప్పైరెండేళ్లలో ఆయన మచ్చు చూడకుండా ఒక్క మూట కొనలేదు. మచ్చు అంటే మూటలోంచి తీసిన పిడికెడు పండు. దాన్ని వేలితో నొక్కి, ముక్కు దగ్గర పెట్టి, ఒక రేక నాలుక మీద వేసుకుని, అప్పుడు గాని మాట ఇవ్వడు. మాట ఇచ్చాక ఆ పిడికెడు పండును తెల్లగుడ్డలో కట్టి, చీటీ కుట్టి, సరుకు ఎక్కడుంటే అక్కడి మేకుకు తగిలిస్తాడు. రేపు ఎవరైనా సరుకు మారిందంటే ఆ గుడ్డ విప్పి చూపిస్తాడు. యార్డులో అందరూ చేసే పనే ఇది. కోర్టుల గడప తొక్కకుండా మడుగుపల్లి చింతపండు సేలం దాకా పోతున్నదంటే అది ఆ మేకుల పుణ్యమే.

అటువంటి యార్డులోకి బ్యాకప్ వచ్చింది.

యార్డు కోల్డ్ స్టోరేజిలో ఏ గదిలో ఎవరి మూటలు ఎన్ని ఉన్నాయన్న సంగతి అంతకుముందు ఒక లావుపాటి పుస్తకంలో ఉండేది. ఆ పుస్తకాన్ని రద్దు చేసి, వివరాలన్నీ ఎక్కడో దూరాన ఒక కంపెనీ యంత్రాల్లో దాచారు. దాన్ని క్లౌడ్ అన్నారు. దాచినదానికి నకలు తీసి పెట్టుకోవడాన్ని బ్యాకప్ అన్నారు. అసలు చెడితే దాని చోట నకలును నిలబెట్టడాన్ని పునరుద్ధరణ అన్నారు. ఓబుళపతి మూడు మాటలకూ తల ఊపాడు. తల ఊపడం వల్ల ఇంతవరకూ ఏ వ్యాపారీ నష్టపోలేదు.

ఉగాది నాడు రాజధాని నుంచి ఒక పెద్దాయన వచ్చి తొలి బ్యాకప్ తీశాడు. మౌసుకు బంతిపూల దండ వేశారు. పూలరేకు అడ్డుపడి మొదటిసారి నొక్కుడు పడలేదు, రెండోసారి పడింది. కంప్యూటరు వెనక గోడకు నల్లరాతి ఫలకం బిగించారు. ఫలానా వారి అమృతహస్తాల మీదుగా ఈ బ్యాకప్ తీయబడినది అని దాని మీద ఉంది.

నెల తిరక్కుండా పొదుపు చర్యల సర్క్యులర్ వచ్చింది. ఏ యార్డూ ఒక బ్యాకప్‌కు మించి ఉంచుకోరాదు. అప్పటి కార్యదర్శి నారపరెడ్డి ఈ చిక్కును రెండు దినాలు ఆలోచించాడు. రోజూ కొత్త బ్యాకప్ తీయాలి, అది ఒక నిబంధన. ఒక్కటే ఉండాలి, అది ఇంకో నిబంధన. అంటే పాతదాన్ని చెరపాలి. పాతదేమో పెద్దాయన నొక్కినది.

"రాతి మీద పేరుండే బ్యాకప్‌ను చెరిపి, జూన్‌లో నేను రిటైరయ్యేదెట్ల?" అన్నాడు నారపరెడ్డి.

కాబట్టి పొద్దున పదకొండుకు ఆ రోజు బ్యాకప్ తీసేవారు. 'విజయవంతం' అని తెర మీద వచ్చినదాన్ని అచ్చు తీసి రిజిస్టరులో అంటించేవారు. సాయంత్రం నాలుక్కు ఆ బ్యాకప్‌ను చెరిపేవారు. పెద్దాయనది మాత్రం భద్రంగా ఉండేది. రిజిస్టరు జానెడు మందం అయ్యింది. నారపరెడ్డి జూన్‌లో నిశ్చింతగా రిటైరయ్యాడు.

జులైలో దయాసాగర్ అనే కొత్త కార్యదర్శి వచ్చాడు. మనిషిని చూడగానే ఓబుళపతి మనసులో తక్కెడ లేస్తుంది. పైకి రంగు బాగానే ఉంది, లోపల గింజ ఎంతుందో నొక్కితే గాని తెలియదు అనుకున్నాడు.

సెప్టెంబరులో బ్యాకప్ పక్షోత్సవాలు వచ్చాయి. పదిహేను రోజులు. ముగ్గుల పోటీ పెట్టారు, ఊరేగింపు తీశారు. 'బ్యాకప్‌ను ప్రాణసమానముగా భావించెదను' అని యార్డులో అందరి చేతా ప్రతిజ్ఞ చేయించారు. కుడిచెయ్యి చాపడానికి హమాలీలు భుజాల మీది మూటలు దించారు. ప్రతిజ్ఞ చదివే ఆయన కళ్లద్దాలు దొరికేదాకా ఆ మూటలు ఎండలోనే ఉన్నాయి.

చివరి రోజు పునరుద్ధరణ ప్రదర్శన. అంటే నకలును తెచ్చి అసలు చోట పెట్టి, అది పనిచేస్తుందని పదిమందికీ చూపించడం. వర్తక సంఘం తరఫున ఓబుళపతిని వేదిక మీద కూర్చోబెట్టారు. కంప్యూటరు దగ్గర రుక్సానా ఉంది. ఆ ఆఫీసులో కంప్యూటరు పని తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. అందుకే ఆమె మాట ఎవరూ వినరు.

"సార్, నడుస్తాండే దాని మీద ఒద్దు సార్," అంది రుక్సానా మెల్లగా. "పక్కన ఖాళీ చోటు తీసుకుని దాంట్లో తెరిచి చూద్దాం. సరిగ్గా ఉందనుకుంటే అప్పుడు ఆలోచిస్తాం."

"ఖాళీ చోటుకు మంజూరు ఉత్తర్వులున్నాయా?" అన్నాడు దయాసాగర్.

"అడగల్ల సార్."

"మంజూరు లేని చోట ప్రదర్శన ఎలా చేస్తామమ్మా? ఉన్న చోటనే చేద్దాం."

ఓబుళపతి పక్కకు వంగాడు. "సార్, ఆ నకలు మచ్చు చూసినారా?"

"మచ్చా?"

"ఒక పిడికెడు బయటికి తీసి. ఏ దినం పండో, పురుగు పట్టిందో లేదో తెలుస్తాది."

"శెట్టిగారూ, బ్యాకప్ చింతపండు కాదు. నూట అరవై ఎనిమిది విజయ పత్రాలు రిజిస్టరులో ఉన్నాయి. మార్గదర్శకాల్లో మచ్చు అనే అంశమే లేదు."

సభ నవ్వింది. ఓబుళపతి కూడా నవ్వాడు. అధికారి చెప్పిన హాస్యానికి నవ్వకపోవడం దండగ ఖర్చు.

దయాసాగర్ నొక్కాడు. తెర మీద పచ్చటి అక్షరాలు వచ్చాయి: పునరుద్ధరణ నూరుశాతం విజయవంతం. చప్పట్లు మోగాయి. రుక్సానా చప్పట్లు కొట్టలేదు. ఆమె తెర మీద పైమూలన ఉన్న తేదీని చూస్తోంది. అక్కడ ఉగాది ఉంది.

మరునాడు ఓబుళపతి గేట్ పాస్ కోసం వెళ్లాడు. మూడో గదిలో ఆయనవి రెండు వందల నలభై మూటలున్నాయి. గింజ తీసిన ఎర్ర కరిపులి రకం చింతపండు, ఏడాదిలో అంతకన్నా మంచి పండు ఆయన చేతికి రాలేదు. దసరాకు ముందు సేలంలో దించుతానని ఇరవై రెండేళ్ల నాటి ఖాతాదారుకు మాట ఇచ్చి ఉన్నాడు. ఏడాది పొడుగునా పడిన పాటూ, ఇరవై రెండేళ్ల మాటా రెండూ ఆ ఒక్క గదిలోనే ఉన్నాయి.

రుక్సానా తెర వైపు చూసి, ఆయన వైపు చూసింది. "చిన్నాయనా, మూడో గది ఖాళీ అంటాంది. మిషన్ రిపేరీలో ఉందంటాంది."

"అది ఉగాదినాటి మాట కదమ్మా. తర్వాత బాగుచేసినారు, నేను మూటలు దించినా. నిన్న పొద్దున గూడ చూసొస్తి."

"నేనూ చూసినా చిన్నాయనా. దీంట్లో లేవు."

"మడి రోజూ తీస్తిరి కదా నకళ్లు?"

"తీస్తిమి. సాయంత్రం చెరిపేస్తిమి. పెద్దాయనది ఒక్కటి ఉండె, అదే లేసొచ్చింది." ఆమె గొంతు తగ్గించింది. "ఆ క్లౌడ్ కంపెనీవాళ్లు మనం అడక్కున్నా రోజూ ఒక నకలు తీసి, ముప్పై అయిదు దినాలు పెట్టుకుంటారు. దాన్ని తెద్దామని పొద్దున్నే సార్‌కు చెప్పినా. మనం ఆరంభించని బ్యాకప్‌ను మనం గుర్తించలేమనె."

ఓబుళపతి కార్యదర్శి గదిలోకి వెళ్లాడు. దయాసాగర్ తన కుర్చీలో లేడు. వచ్చినవాళ్లు కూర్చునే బెంచీ మీద ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏమి సార్, ఇక్కడ కూచున్నారు?"

"డేటా ప్రకారం ఆ కుర్చీ నారపరెడ్డి గారిది. నేను జులైలో చేరాను."

"ఆయప్ప రిటైరై మదనపల్లెలో కూతురింట్లో ఉండాడు కదా సార్."

"అది క్షేత్రస్థాయి సమాచారం," అన్నాడు దయాసాగర్. అని ఒక కాగితం అందించాడు. రాజధాని నుంచి ఆ పొద్దునే వచ్చిన మెమో అది.

'పునరుద్ధరణ నూరుశాతం విజయవంతమైనందున, పునరుద్ధరింపబడిన డేటాయే ప్రామాణికము. డేటాకును క్షేత్రస్థాయి పరిస్థితికిని వ్యత్యాసము కనిపించినచో, ఆ వ్యత్యాసము క్షేత్రమునందే యున్నట్లు భావించి, క్షేత్రమును తక్షణమే సరిదిద్దవలెను.'

"అంటే నా మూటలు?"

"మూటలు లేవు. కనిపిస్తున్నవి వ్యత్యాసం."

"ఆ వ్యత్యాసాన్ని సేలం పంపాల సార్. దసరాలోపల."

"లేని సరుకుకు గేట్ పాస్ ఎలా ఇస్తాం? పైగా నేనే లేను." ఈ మాట చెప్పేటప్పుడు దయాసాగర్ తన ఖాళీ కుర్చీ వైపు చూశాడు. వెంటనే సర్దుకున్నాడు. "వ్యవస్థ పెద్దది శెట్టిగారూ. వ్యక్తులు వస్తుంటారు, పోతుంటారు."

క్షేత్రాన్ని సరిదిద్దడం ఆ మధ్యాహ్నమే మొదలైంది. గోడ క్యాలెండరులో కాగితాలన్నీ వెనక్కి తిప్పి మార్చి నెల దగ్గర దారంతో కుట్టారు. ఆగస్టులో కట్టిన మరుగుదొడ్లకు తాళం వేసి, 'నిర్మించబడలేదు' అని బోర్డు తగిలించారు. హమాలీలు వాటి వెనక గోడకే పోతున్నారు. మే నెలలో రిటైరైన కాపలాదారు ముత్యాలప్ప డేటాలో ఇంకా డ్యూటీలో ఉన్నాడు గనుక జీపు పంపి పట్టుకొచ్చారు. ఆయన స్థానంలో వచ్చినవాణ్ణి ఇంకా చేరలేదు గనుక ఇంటికి పంపారు. ముత్యాలప్ప రిటైరయ్యాక ఆరు మేకలు కొనుక్కున్నాడు. వాటిని చూసేవాళ్లు లేక వెంట తెచ్చుకున్నాడు. ఉగాదినాటికి యార్డులో మేకలు లేవని అభ్యంతరం చెప్పారు.

"నేనుంటే ఇవి ఉంటాయి. ఇవి లేకుంటే నేనూ లేను. రాసుకోండి," అన్నాడు ముత్యాలప్ప.

అది రాసుకోవడానికి గడి లేకపోవడంతో మేకలు ఉండిపోయాయి.

సాయంత్రానికి మూడో గది వంతు వచ్చింది. డేటా ప్రకారం ఆ గది మిషన్ రిపేరీలో ఉంది. రిపేరీలో ఉన్న మిషన్ నడవడం నిబంధనలకు విరుద్ధం. మిషన్‌ను ఆపించారు.

ఓబుళపతికి అంతవరకూ కోపం రాలేదు. కోపం వ్యాపారిని తూకం తప్పిస్తుందని ఆయనకు తెలుసు. కాని ఆ మిషన్ గుర్రుమని ఆగిపోయినప్పుడు ఆయన వేళ్ల మీద దినాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. చల్లదనం తప్పితే మూటల్లో ఒత్తుకున్న ఎర్రపండు వేడెక్కి ఆరు దినాల్లో వన్నె తిరుగుతుంది, పది దినాల్లో నల్లబడుతుంది. గుడ్డలో విడిగా ఉన్న పిడికెడు మచ్చు మాత్రం రెండు నెలలు నిలుస్తుంది. సేలంవాళ్లు కొనేది పులుపును కాదు, రంగును.

మూడో రోజు పొద్దున గది తెరిపించుకుని లోపలికి వెళ్లాడు. తలుపు వెనక మేకుకు తాను తగిలించిన మచ్చు గుడ్డ ఉంది. దాన్ని విప్పి రెండు రేకలు తీశాడు. తేమపట్టిన గోడవారగా ఉన్న మూటకు కన్నం చేసి రెండు రేకలు లాగాడు. నాలుగింటినీ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని వాకిలి వెలుగులో చూశాడు. మూటలోవి ఒక వన్నె తగ్గాయి.

"ఎట్లుంది శెట్టీ?" అన్నాడు ముత్యాలప్ప.

"ఇంకా చావలేదు. జొరం వచ్చింది."

"ఆ దయాసాగరప్ప కాళ్లమీద పడు."

"ఆయప్పకే కాళ్లు లేవంటాండాడు కదప్పా, యాడ పడేది?"

దుకాణానికి వచ్చి ఓబుళపతి ఆ మెమో నకలును ముందు పెట్టుకున్నాడు. మూడుసార్లు చదివాడు. మొదటిసారి చదివినప్పుడు తన మూటల కోసం చదివాడు, అందులో ఏమీ లేదు. రెండోసారి కోపంతో చదివాడు, అప్పుడూ ఏమీ దొరకలేదు. మూడోసారి ఎదుటివాడి సరుకును చూసినట్టు చూశాడు. మూట ఎటు కుట్టారో చూడు, విప్పడం అక్కడినుంచే అని వాళ్ల నాయన చెప్పేవాడు. 'క్షేత్రమును తక్షణమే సరిదిద్దవలెను' అన్నచోట ఆయన వేలు ఆగింది. ఎవరు సరిదిద్దాలో అందులో రాయలేదు.

కండువా దులిపి భుజాన వేసుకుని ఆఫీసుకు పోయాడు. దయాసాగర్ బెంచీ మీద ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. ఓబుళపతి ఆయన పక్కనే కూర్చున్నాడు.

"సార్, మూడో గది ఖాళీగా ఉండాల కదా."

"ఉండాలి."

"ఉందా?"

"కొంత వ్యత్యాసం ఉంది."

"ఎంత?"

"రెండు వందల నలభై మూటలు."

"పైనుంచి ఎవరన్నా వచ్చి చూస్తే?"

దయాసాగర్ సరిగ్గా కూర్చున్నాడు. ఈ విషయం ఆయనను రెండు రోజులుగా తినేస్తోందని ముఖం చెప్పింది. "ఎల్లుండి తనిఖీ బృందం వస్తోంది. ఆ వ్యత్యాసాన్ని తొలగించడానికి టెండరు పిలుద్దామంటే నా సంతకం చెల్లదు."

"నేను తొలగిస్తా సార్. సేవాభావంతో."

దయాసాగర్ అనుమానంగా చూశాడు. "అంటే మీ మూటల మీద హక్కు కోరుతున్నారా?"

"నా మూటలు యాడుండాయి సార్? లేవని మీరే అంటిరి, నేను ఒప్పుకుంటి. నేను ఎత్తేది వ్యత్యాసాన్ని."

"ఎత్తి ఎక్కడ వేస్తారు?"

"యార్డు బయట. దూరంగా."

"మరి గేట్ పాస్..."

"లేని సరుకుకు పాస్ ఇచ్చినారంటే అది దొంగ పాస్ అవుతాది. రేపు ఆడిట్‌వాళ్లు వచ్చి మిమ్మల్నే పట్టుకుంటారు."

"నిజమే," అన్నాడు దయాసాగర్. తర్వాత కలం తీసి మళ్లీ ఆగాడు. "కాని అనుమతి పత్రం మీద ఎవరు సంతకం పెట్టాలి? నేను డేటాలో లేనే."

"గదిలో మిషన్ లేదు, మూటలు లేవు, పాస్ లేదు. సంతకం చేసే మనిషి గూడ లేకపోతేనే సార్, కాగితానికి ఒద్దిక. ఉండే మనిషి పెడితే దేనికీ పొత్తు కుదరదు."

దయాసాగర్ చాలాసేపు ఆ వాదనలో లోపం వెతికాడు. దొరకలేదు. సంతకం పెట్టాడు. తర్వాత ఆయనకే ఉత్సాహం వచ్చి, ఓబుళపతి శెట్టిని స్వచ్ఛంద పునరుద్ధరణ సేవకుడిగా గుర్తిస్తూ ఇంకో కాగితం కూడా రాసి ఇచ్చాడు.

ఆ మధ్యాహ్నమే లారీ వచ్చింది. హమాలీలు మూటలు మోశారు. అన్నీ ఎక్కాక ఓబుళపతి గదిలోకి ఒకసారి వెళ్లి చూశాడు. మచ్చు గుడ్డ మేకు మీదనే ఉంది. సేలం నుంచి సరుకు ముట్టిందని కబురు వచ్చేదాకా మచ్చును కదిలించకపోవడం యార్డు వాడుక. అందుకని దాన్ని అక్కడే వదిలి తలుపు వేశాడు.

గేటు దగ్గర ముత్యాలప్ప పుస్తకం తెరిచి, మేకను కాలితో పక్కకు తోసి, లారీ వైపు చూశాడు. దాని టైర్లు సగం అణిగి ఉన్నాయి. "ఏమి రాయల్ల శెట్టీ? చింతపండు కనపడతాంది."

"డేటాలో కనపడతాందా?"

"డేటాలో ఏమీ లేదంట."

"మడి అదే రాయి."

ముత్యాలప్ప నాలుక బయటపెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రాశాడు: లారీ ఒకటి ఖాళీగా వచ్చెను. ఖాళీగా పోయెను.

గేటు దాటాక దుకాణం బిల్లు చాలు. నాలుగో రోజు సేలం నుంచి ఫోన్ వచ్చింది. సరుకు ముట్టింది, గోడవారన ఉన్న ఓ పదిహేను మూటలు వన్నె తగ్గాయి, మిగతావి బాగున్నాయి, మాట నిలిచింది అన్నారు. పదిహేను మూటల వన్నె పోవడం ప్రభుత్వంతో బేరానికి చిన్న తరుగే అనుకున్నాడు ఓబుళపతి.

తనిఖీ బృందం వచ్చి మూడో గది ఖాళీగా ఉండడం చూసి పరవశించిపోయింది. డేటాకూ నేలకూ ఇంత దగ్గరి పోలిక రాష్ట్రంలో మరెక్కడా లేదని రాసింది. ఆ మెమోను ఆదర్శ విధానంగా ప్రకటించి, అన్ని యార్డులకూ శాశ్వతంగా వర్తింపజేశారు. ఇకమీదట దాన్ని మార్చే అధికారం ఎవరికీ లేదని చివర ఒక వాక్యం చేర్చారు.

ఇంతా అయ్యాక మూడు వారాలకు పదోన్నతుల జాబితా వచ్చింది. అందులో దయాసాగర్ పేరు లేదు. నారపరెడ్డి పేరు ఉంది.

దయాసాగర్ ఆ రాత్రే బస్సెక్కి రాజధానికి పోయాడు. అక్కడ ఏం జరిగిందో గాని, అడక్కుండానే కంపెనీవాళ్లు తీసిపెట్టిన నకలు గడువు తీరడానికి ఇంకా అయిదు దినాలుందనగా, 'మనము ఆరంభించని బ్యాకప్ అయినప్పటికీ, విస్తృత ప్రజాప్రయోజనము దృష్ట్యా' దాన్ని గుర్తించారు. రుక్సానా దాన్ని ముందు పక్కన ఖాళీ చోట తెరిచి, మచ్చు చూసి, తర్వాతే అసలు చోట నిలబెట్టింది. ఖాళీ చోటుకు మంజూరు ఉందా అని ఈసారి ఎవరూ అడగలేదు.

ప్రదర్శన నాటి పొద్దున ఎలా ఉండేదో డేటా అలా అయ్యింది. దయాసాగర్ కుర్చీలోకి వచ్చాడు. మరుగుదొడ్లు మళ్లీ నిర్మించబడ్డాయి. ముత్యాలప్ప మేకలను తోలుకుని ఇంటికి పోయాడు. మూడో గదిలో ఓబుళపతి శెట్టివి రెండు వందల నలభై మూటలు ప్రత్యక్షమయ్యాయి.

కబురు వస్తే ఓబుళపతి ఆఫీసుకు పోయాడు.

"శెట్టిగారూ," అన్నాడు దయాసాగర్, కుర్చీ చేతుల మీద చేతులు ఆనించి. "మూడో గదిలో మీ మూటలుండాలి."

"ఉండాయి కదా సార్. రుక్సానమ్మ చూపించింది."

"నేను గదికి వెళ్లి చూశాను. లేవు."

"కంప్యూటర్‌లో ఉండాయి, గదిలో లేవు. అంతేనా సార్?"

"అంతే."

"రెండింటికీ తేడా వస్తే తప్పు యాడుందనుకోవాలని మెమోలో రాసినారు?"

దయాసాగర్ మెమోను ఫైలు కిందికి తోశాడు. రుక్సానా తెర వెనక తల దించుకుంది.

"మీరు వాటిని బయటికి తీసుకుపోయారు," అన్నాడు దయాసాగర్.

"పోయినట్టు పాస్ ఉందా సార్? గేటు పుస్తకం చూడండి. లారీ ఖాళీగా పోయెను అని ఉంది. నేను ఎత్తింది వ్యత్యాసాన్ని, మీ సంతకంతోనే. మూటల సంగతి నాకు తెలీదు. నేలే తప్పు సార్. దాన్ని మీరు సరిదిద్దుకోవాల."

దయాసాగర్ ఆ ఫైలును రెండు రోజులు దగ్గర పెట్టుకున్నాడు. మెమోను మార్చే వీలు లేదు. మూటలు లేవని రాస్తే డేటా తప్పన్నట్టు అవుతుంది. డేటా తప్పయితే అందులో తానున్నది కూడా అనుమానమే అవుతుంది. మూడో రోజు ఆయన ఫైలు మీద ఇలా రాశాడు: 'గది-3 నందు 240 మూటలు కలవు. సరుకు చెడకుండ మిషన్‌ను నిరంతరాయముగా నడుపవలెను.'

ఆ సాయంత్రం మూడో గది మిషన్ గుర్రుమంటూ మళ్లీ మొదలైంది. ఇప్పటికీ ఆగలేదు. పండుగకు సెలవిచ్చినా దానికి మాత్రం సెలవు లేదు. ఓబుళపతి ఆ దారిన పోయినప్పుడల్లా ఒక్క నిమిషం నిలబడి ఆ చప్పుడు వింటాడు. ఒకసారి రుక్సానాను తలుపు తెరవమని అడిగి లోపలికి వెళ్లాడు. గోడ నుంచి గోడదాకా ఖాళీ. ఎముకలు కొరికే చలి. సేలం కబురు వచ్చాక కూడా మేకు మీదనే వదిలేసిన మచ్చు గుడ్డ విప్పి ఒక రేక తీసి వెలుగులో పెట్టి చూశాడు.

ఎర్రగా, కొన్న రోజున ఎట్లుందో అట్లే ఉంది.